లోపలి మాట

స్వరూపకు అత్తగారితో వచ్చిన చిక్కు ఒక్కటే. భీమమ్మకు మాట వినబడదు. మాట వెనక దాగిన మాటే వినబడుతుంది.

"కూర బాగుంది" అంటే, నిన్నటిది బాగలేదన్నట్టు. "కూసున్నవా?" అంటే, పనీపాటా లేదన్నట్టు. పక్కింటి చిన్నమ్మ ఒకసారి "చీర కొత్తదా?" అని అడిగిన పాపానికి, దసరా వెళ్ళేదాకా భీమమ్మ ఆ గోడ వైపు చూడలేదు. పోనీ, ఏమీ అనకుండా ఊరుకుందామా అంటే, ఊరుకోవడానికి కూడా ఆమె దగ్గర అర్థం సిద్ధంగా ఉంటుంది.

ఇంటి వరకైతే ఎట్లాగో సర్దుకోవచ్చు. కానీ స్వరూప కూతురు వనజకు వచ్చిన రెండు సంబంధాలు ఇట్లాగే పోయాయి. వనపర్తి వాళ్ళు "అమ్మాయి బాగ చదువుకుంది" అన్నారు. "వంట రాదని మొహం మీదనే అంటుండ్రు!" అని భీమమ్మ లేచింది. ఖిల్లా ఘణపూర్ వాళ్ళు "ఇల్లు మంచి జాగల ఉంది" అన్నారు. "జాగ మీద కన్ను పడ్డది" అంటూ వాళ్ళను గేటు దాకా సాగనంపి వచ్చింది.

ఇప్పుడు రాయచూరు సంబంధం. ఫోన్లో పిల్లవాడి ఫోటో చూసి వనజ ఏమీ అనలేదు గానీ, ఫోన్ మాత్రం వెంటనే తిరిగి ఇవ్వలేదు. దాని అర్థం స్వరూపకు తెలిసింది. అందుకే పొద్దున్నే బతిమాలుకుంది.

"అత్తమ్మా, ఇయ్యాల జర నువ్వు ఊకో."

"నేనూకుంటే ఎవరు మాట్లాడతరే? వాళ్ళది కన్నడం. నీకొస్తదా? నీ మొగనికొస్తదా? నేను పుట్టింది బార్డరు ఊర్ల."

అదీ నిజమే. ఆ ఇంట్లో కన్నడం వచ్చింది ఆమె ఒక్కదానికే.

కారు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు నోరు తెరవకముందే భీమమ్మ గడపలో నిలబడి "బర్రి, బర్రి, కూడ్రి!" అని కన్నడంలో రమ్మని, కూర్చోమని పిలుస్తూ రెండు చేతులూ చాపింది. పిల్లవాడి తల్లీ తండ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆ తల్లి నవ్వి, కన్నడంలోనే ఏదో బదులిచ్చింది.

"చూస్తివా?" అంది భీమమ్మ కోడలితో. "నేను లేకుంటే ఏమయితుండె?"

అందరూ కూర్చున్నారు. పిల్లవాడి తల్లి ఇల్లంతా ఒకసారి కలియజూసి ఒక మాటంది.

"ఏమంటుందే అమ్మా?" అన్నాడు స్వరూప భర్త పెంటయ్య, మెల్లగా.

"ఇల్లు చల్లగుందట." భీమమ్మ గొంతు తగ్గించలేదు. "పిల్ల ముచ్చట తియ్యలే చూడు. పిల్ల నచ్చనోళ్ళే ఇల్లును పొగుడుతరు."

ఆ మాట పూర్తయిందో లేదో, పిల్లవాడి తల్లి వనజ వైపు తిరిగింది. ఇటు వచ్చి కూర్చోమని పక్కన సోఫా తట్టింది. స్వరూప ప్రాణం కుదుటపడింది.

చాయ్ వచ్చింది. పిల్లవాడి తండ్రి చేయి అడ్డం పెట్టి "చహా బ్యాడ్రి, షుగర్ ఐత్రి" అన్నాడు.

"చాయ్ వద్దట. షుగరంట. షుగరూ లేదు, పాడూ లేదు. వద్దనుకున్న ఇంట్ల చాయ్ నీళ్ళు గూడ ముట్టరు, నాకు తెల్వదా!"

ఆయన కప్పు వైపు కాసేపు చూశాడు. తీసుకొని, గటగటా తాగేసి, ఖాళీ కప్పు మళ్ళీ ముందుకు చాపాడు.

"షుగరన్నడు గదనే!" అంది భీమమ్మ, దొంగను పట్టుకున్నంత సంతోషంగా.

వనజ ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. డ్యూటీ ఎన్నింటికని పిల్లవాడి తల్లి అడిగింది.

"అంటే ఏంది? పెండ్లి కాంగనే మాన్పిస్తరు. వాళ్ళింట్ల రొట్టెలు చేయనీకె చదివిస్తివా పెంటయ్యా?"

తల్లి గబగబా ఇంకేదో చెప్పింది. అది విని భీమమ్మ మొహం చిన్నబోయింది.

"రాయచూరుల గూడ దవాఖానలున్నయట. ఆడ చేరొచ్చంట." ఈసారి లోపలి అర్థం దొరకడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది. దొరికింది. "జీతం మీద కన్ను!"

వచ్చినవాళ్ళిద్దరూ ఇక నోరు విప్పలేదు.

"ఊకున్నరంటే ఒప్పుకున్నట్టే," అంది భీమమ్మ. "కొడుకా, ఈ సంబంధం మనకొద్దు."

పెంటయ్య నేల చూశాడు. స్వరూప కొంగు నలిపింది. ఎప్పుడూ మాట్లాడని వనజే మాట్లాడింది.

"నానమ్మా, నాకు ఆ పిల్లగాడు నచ్చిండు. గంతే. ఈ మాట వెనక ఇంకేం మాట లేదు."

భీమమ్మ బిత్తరపోయింది. "నెమ్మదే పిల్లా! గట్ల అంటే అలుసైతవు. నయం, వాళ్ళకు అర్థం కాలే."

"అర్థమయ్యేటట్టు నువ్వే చెప్పమ్మా," అన్నాడు పెంటయ్య. అమ్మకు ఎదురు చెప్పడం అతనికి అదే మొదలు. "ఉన్నది ఉన్నట్టు. నీ అర్థాలు కలపకు."

భీమమ్మ మూతి బిగించుకొని కూర్చుంది. చెప్పనంటే చెప్పదు.

పిల్లవాడి తల్లి వనజ చేయి తన చేతిలోకి తీసుకుంది. భీమమ్మ వైపు తిరిగి, కొంచెం సిగ్గుపడుతూ నోరు విప్పింది.

"తప్పు నాదే పెద్దమ్మా, నువ్వు అంత ముచ్చటపడి కన్నడంల పిలిస్తివని ఊకున్న గానీ, మా ఇంట్ల మేం మాట్లాడుకునేది తెలుగే."