కోసిన చేలో మూడు ఆవులు

తెల్లారుతూనే పాలచెంబుతో చేలోకి వెళ్ళిన ఇల్లాలికి మూడు ఆవులూ కాళ్లు చాపి పడి కనిపించాయి.

రెండు అప్పటికే కొయ్యబారిపోయాయి. మూడోది కొనఊపిరితో ఉంది. దాని పొట్ట డప్పులా బిగిసిపోయింది.

గాలివానకు సగం పంట నేలపాలైంది. నిలబడ్డ మొక్కజొన్నను మిషను కోసింది, వచ్చిన గింజలు వచ్చినట్టే అమ్మేశారు. ఇక మిగిలింది చేలో చొప్ప, దాన్ని మేసి పాలిచ్చే ఈ మూడు ఆవులూ. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఇల్లు ఆ పాల మీదే నడవాలి. అందుకే నిన్న పొద్దున్నే వాటిని చేలోకి వదిలారు.

పశువుల డాక్టరు వచ్చేసరికి ఎండెక్కింది. మూడోదీ చెయ్యి దాటిపోయిందని చెప్పి, చచ్చిన ఆవు పొట్ట కోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు బయటికి లాగాడు. పుల్లటి కంపు గుప్పుమంది.

"చొప్ప మేసినదాని పొట్టలో చొప్పుండాలమ్మా. ఇవన్నీ గింజలు. ఒక్కసారే ఇంతేసి తింటే లోపల పులిసిపోతాయి. ఆవుకి వేరే విషం అక్కర్లేదు."

"మా ఇంట్లో పిడికెడు గింజలు లేవు బాబూ."

"ఎవరో బస్తా తెచ్చి గుమ్మరించారు," అన్నాడు మొగుడు. "ఎవరో ఏమిటి, ఆ పరిగెల ముసలిదే. మొన్న నన్ను చూసి దుమ్మెత్తిపోసింది."

కోసిన చేలల్లో రాలింది ఏరుకుని బతికే మనిషి ఆ ముసలమ్మ. ఇల్లాలు ఒక్క అంగలో వాళ్ల వాడకు పోయి, ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"మా మీద ఏం పగబట్టావే అవ్వా?"

ముసలమ్మ ఆవుల్ని చూసి చతికిలబడింది.

"బస్తా గింజలుంటే నీ ఆవులకెందుకు పోస్తానే తల్లీ, నేనే ఉడకేసుకుని తిననూ? ఏటా కోత మర్నాడు మా వాడ ఆడాళ్లమంతా మీ చేలో కంకులు ఏరుకునే మాట నిజమే. ఈ ఏడు మీ గట్టు కూడా తొక్కలేదు."

"ఏటా వచ్చేవాళ్లు ఈ ఏడే ఎందుకు రాలేదు? అబద్ధాలైనా అతికేట్టు ఆడు."

ముసలమ్మ ఆమె మొగుడి వైపు చూసింది.

చేతులు కడుక్కుంటున్న డాక్టరు ఆగాడు.

"మరి రాలిన కంకులు ఎవరు ఏరారు?"

మూడో ఆవు ఒక్కసారి కాళ్లు తన్నుకుని ఆగిపోయింది. దాని తల ఒళ్లో పెట్టుకున్న మొగుడు, పెళ్ళాం మొహం చూడకుండా అన్నాడు:

"వాళ్లని గట్టు అవతలే ఆపి తరిమేసింది నేనే, ఆ కంకులు కూడా మన ఆవులే తింటే ఇంకో చెంబుడు పాలు ఎక్కువిస్తాయనుకున్నా."