సగంలో సగం

"తప్పు. బయట కూర్చుని మళ్ళీ చేసుకురా," అని మేడం కాగితం వెనక్కి ఇచ్చేశారు.

జన్యుశాస్త్రంలో ఆ అమ్మాయి అప్పటికే ఒకసారి తప్పింది. ఈ లెక్క కూడా తేలకపోతే కాలేజీలో సీటే పోతుంది.

గది బయట బెంచీ మీద ఒకావిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఎవరో విద్యార్థిని తల్లి, మార్కుల కోసం వచ్చినట్టుంది అనుకుంది అమ్మాయి.

"మేడంతో పనా ఆంటీ?"

"అవునమ్మా. మా అమ్మాయి సంగతి మాట్లాడాలి."

"ఎంత బతిమాలినా లాభం లేదు. ఆవిడ కరగరు."

ఆవిడ నవ్వి కాగితంలోకి తొంగి చూసింది. "ఏమిటా గళ్ళూ సున్నాలూ?"

"ఒక కుటుంబం. గడి అంటే మగ, సున్నా అంటే ఆడ."

"ఇక్కడ కూడా మనం సున్నాలమేనా!"

అమ్మాయికి నవ్వొచ్చింది.

"నాకర్థమయ్యేలా చెప్పు చూద్దాం. చెబితే నీకూ వస్తుందేమో."

"నల్లగా నింపితే జబ్బున్నట్టు. అడ్డగీత ఉంటే పోయినట్టు. ఇదిగో, ఈవిడ అన్నకి జబ్బు. ఈవిడకి ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. మగపిల్లలు ముగ్గురూ అదే జబ్బుతో పోయారు."

ఆవిడ వేలు మధ్య గడి మీదికి వచ్చి, అక్కడే ఆగింది.

"తండ్రి వైపు నుంచి వచ్చిందా?"

"కాదు. ఈ రకం జబ్బు కొడుకులకి తల్లి నుంచే వస్తుంది. ఆవిడ మాత్రం గుండ్రాయిలా ఉంటుంది."

"తండ్రి నుంచి కాదా?"

"కాదన్నానుగా ఆంటీ. చేసిందంతా ఈ మహాతల్లే. ఒకడికి వచ్చాకైనా బుద్ధి ఉండక్కర్లేదూ? వరసపెట్టి కనేసింది."

ఆవిడ వేలు చివరి గడి మీదికి జరిగింది.

"పెద్దవాడికి బయటపడేసరికి చిన్నవాడు పుట్టేసి ఉంటాడేమో."

"లెక్కలో అవన్నీ ఇవ్వరు. ఈ ఆడపిల్లకి కొడుకు పుడితే వాడికి జబ్బు వచ్చే అవకాశం ఎంత? అదొక్కటే అడిగారు. నేను సగం అంటే మేడం తప్పంటారు."

"తల్లి నుంచి ఆ పిల్లకి తప్పకుండా వచ్చే ఉంటుందా?"

"తప్పకుండా అనేం లేదు. రావచ్చు, రాకపోవచ్చు. సగం..."

అమ్మాయి కలం ఆగింది. రాకపోవచ్చన్నది తను లెక్కలోకే తీసుకోలేదు.

"సగంలో సగం! పావు! ఆంటీ, పావు!"

"పావేనా? అంటే ముప్పావు మంచేనా?"

"అంతే!"

ఆవిడ లేచి, సంచి పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

"మేడంని కలవరా?"

"ఇంక అక్కర్లేదులే తల్లీ."

అనకూడనిదేదో అన్నానేమోనని అమ్మాయి మనసు ఒక్క క్షణం పీకింది. లెక్క తేలిన సంబరంలో అది నిలవలేదు.

లోపలికి వెళ్ళి బోర్డు మీద తడబడకుండా చేసింది. మేడం మొదటిసారి నవ్వారు.

"గట్టెక్కావు. ఎవరు చెప్పారమ్మా?"

"బయట ఒకావిడకి చెబుతుంటే నాకే వెలిగింది మేడం. ఎవరి అమ్మోగానీ..."

మేడం గబగబా వెళ్ళి తలుపు తీశారు. బెంచీ ఖాళీగా ఉంది.

"ఆవిడకి ఏం చెప్పావు?"

"అంతా చెప్పాను. తల్లి వల్లే వచ్చిందని కూడా..."

'మహాతల్లి' అన్న మాట మాత్రం పైకి రాలేదు.

మేడం తలుపుకి ఆనుకుని నిలబడిపోయారు. "ఆవిడ కూతురికి నెలలు నిండుతున్నాయి. మెల్లగా చెబుదామని నేనే రమ్మన్నాను. ఆవిడ వస్తుందని తెలిసీ, ఈ కాగితమిచ్చి నిన్ను బయటికి పంపాను."

"ఎవరు మేడం ఆవిడ?"

"ఆ మూడు నల్ల గళ్ళకీ తల్లి."