రెండు చేతుల వైద్యం

జబ్బుపడ్డ జంతువు ఉన్న ఇంట్లో బీరువా మీద ఎవరి కన్నూ ఉండదు. మెతకయ్య వ్యాపారమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తోంది.

నడుస్తోంది అనడం కూడా ఎక్కువే, కుంటుతోంది. పశువుల ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఎవరింట్లో ఏ జంతువుకు బాగాలేదో చెవులు రిక్కించి వినడం, అసలు డాక్టరు బయల్దేరేలోపు తనే డాక్టరునంటూ వెళ్ళి చేతికందింది సర్దుకు రావడం, ఇదీ అతని పని. తీరా వెళ్ళాక ఆ జంతువు మొహం చూసి కరిగిపోయేవాడు. నిజంగానే సేవ చేసి ఉత్త చేతులతో ఇల్లు చేరేవాడు. తోటి దొంగలు అందుకే అతనికి ఆ పేరు పెట్టారు. ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే గడప తొక్కనిచ్చేది లేదని భార్య పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోనొచ్చింది. ఒంటరిగా ఉంటున్న ఒకావిడ పెరటి కోడికి గుడ్డు అడ్డం పడి ప్రాణం మీదికొచ్చిందట. కాంపౌండరు చిరునామా గట్టిగా రెండుసార్లు చెప్పించుకుని, డాక్టరుగారు సాయంత్రం దాకా రాలేరని ఫోను పెట్టేశాడు. గుడ్డు అడ్డం పడితే ఏం చెయ్యాలో మెతకయ్య ఆ బల్ల మీద కూర్చుని ఇదివరకే విన్నాడు. సంచీ తగిలించుకుని లేచాడు.

వీధివైపు వెళితే నలుగురి కళ్ళూ పడతాయని, సందులోంచి పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి దగ్గాడు. కాసేపు లోపల చప్పుడు లేదు. తర్వాత తలుపు ఓరగా తెరుచుకుంది. ముప్పై ఏళ్ళావిడ, చంకలో కోడి. కోడి తోక వాలిపోయింది, నోరు తెరిచి రొప్పుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఎవరు?" అంది ఆవిడ.

"డాక్టర్నమ్మా. కోడి కోసం ఫోన్ చేశారు కదా."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. కోడిని చూసింది. పక్కకి తప్పుకుంది.

తలుపు పక్కన నిండు సంచీ ఒకటి కనపడితే, ఊరు ప్రయాణమా అని మాట కలిపాడు. బయల్దేరబోతుంటే దీని మూలుగు వినపడిందనీ, ఇక కాళ్ళు ముందుకు పడలేదనీ చెప్పింది. మంచి మనిషి అనుకున్నాడు మెతకయ్య. మంచి మనుషుల ఇళ్ళలో పని తేలిగ్గా అవుతుంది.

అతని పథకం చాలా చిన్నది. ముందు టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోయించాడు. పాపం ఆవిడ కంగారులో టబ్బు ఎక్కడుందో, స్టవ్ లైటర్ ఎక్కడుందో కూడా మర్చిపోయి వంటిల్లంతా గాలించింది. కోడిని ఆ నీళ్ళలో కూర్చోబెట్టి, ఆవిడ రెండు చేతులూ దాని రెక్కల మీద పెట్టించాడు.

"ఒక్క చెయ్యి కూడా తియ్యకూడదమ్మా. బెదిరి గింజుకుందంటే లోపల గుడ్డు పగిలిపోతుంది. ఇక దక్కదు."

ఇంకాసిని నీళ్ళు కాచుకొస్తానని చెప్పి, వంటింట్లోకి కాకుండా నేరుగా పడగ్గదిలోకి నడిచాడు. బీరువాకి తాళం కూడా వెయ్యలేదు. నగల పెట్టె తెరిస్తే దూది తప్ప ఏమీ లేదు. చీరల మడతల్లో చెయ్యి పెట్టి చూశాడు, అక్కడా ఏమీ లేదు. ఒక్కొక్కటే అమ్ముకుని బతికినట్టుంది పిచ్చితల్లి.

తిరిగొచ్చేసరికి ఆవిడ కోడితో గుసగుసగా ఏదో చెబుతోంది. కళ్ళు తుడుచుకోవడానికైనా చెయ్యి తియ్యట్లేదు. కన్నీళ్ళు గడ్డం మీంచి టబ్బులోకి కారుతున్నాయి. మెతకయ్య ఇక ఆగలేకపోయాడు, చొక్కా చేతులు పైకి మడిచి పక్కన కూలబడ్డాడు.

"మీరు లేవండమ్మా. నేను పట్టుకుంటాను."

"బతుకుతుందా?"

"బతికిస్తాను."

ఆవిడ కోడి తల నిమిరింది. మందుల షాపులో దీనికి బలానికేమైనా దొరుకుతుందేమో చూసొస్తానని, తలుపు పక్కనున్న తన సంచీ భుజాన వేసుకుని పెరటి తలుపులోంచి వెళ్ళింది.

ఇప్పుడు ఇల్లంతా అతనిదే. గోడకి టీవీ ఉంది, అలమరలో వెండి గ్లాసుల్లాంటివేవో మెరుస్తున్నాయి. ఇంకో దొంగైతే కోడిని దాని ఖర్మానికి వదిలేసి పని కానిచ్చేవాడు. కానీ దాని గుండె అతని అరచేతుల కింద టకటకా కొట్టుకుంటోంది. గడప సంగతి భార్యతో తర్వాత తేల్చుకోవచ్చనుకుని కదలకుండా కూర్చున్నాడు. నడుము పట్టేసింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. నీళ్ళు చల్లారుతుంటే కోడిలో చలనం వచ్చింది. ఒక్క ఊపు ఊపి ముక్కింది. గుడ్డు నీళ్ళలో పడింది.

కోడి లేచి నిలబడి ఒళ్ళు విదిలించుకుని అతని మొహమంతా తడిపేసింది. మెతకయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ రాగానే చూపించాలని గుడ్డును చొక్కాకి తుడిచి అరచేతిలో పెట్టుకున్నాడు.

అంతలో వీధి తలుపు దగ్గర తాళం తీస్తున్న చప్పుడైంది. ఆవిడే అనుకుని మొహం చేటంత చేసుకున్నాడు. వచ్చింది ఒక పండు ముసలావిడ. వెనకాలే పశువుల ఆసుపత్రి డాక్టరు. సాయంత్రం దాకా ఆగలేక తనే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టుంది.

ముసలావిడ కోడిని చూసింది, మొహం వెలిగిపోయింది. తర్వాత పడగ్గదిలో బార్లా తెరిచి ఉన్న బీరువాను చూసింది.

"ఎవరు నాయనా నువ్వు?"

మెతకయ్య గుడ్డు ముందుకు చాపాడు. "గండం గడిచిందమ్మా. మీ అమ్మాయి ఇప్పుడే మందుల షాపుకి వెళ్ళింది, వచ్చేస్తుంది."

"నాకు అమ్మాయెక్కడిది నాయనా," అంది ముసలావిడ. "నేను తాళం వేసి వెళితే ఇంట్లో ఉండేది ఆ కోడి ఒక్కటే."