తుడిచేకొద్దీ

చంద్రగిరిలో పాత కత్తులకు విలువ కట్టే షఫీవుల్లా, భర్త పోయిన శకుంతలమ్మ ఇంట్లోని జపాన్ కత్తిని నకిలీదని చెప్పి కారుచౌకగా కొన్నాడు. ఆ రాత్రి అంగట్లో ఒంటరిగా కూర్చుని పిడి ఊడదీశాడు. లోపలి ఇనుము మీద చేసినవాడి పేరు చెక్కి ఉంది. అసలుదే!

మురిసిపోతూ కత్తి తుడిచాడు. గుడ్డకు ఎర్రటి తడి అంటింది. తుప్పనుకుని మళ్లీ తుడిచాడు. మళ్లీ తడి. వేళ్లు చూసుకున్నాడు, ఎక్కడా తెగలేదు. ఆ నిశ్శబ్దంలో నేల మీద బొట్టు పడిన చప్పుడు వినిపించింది.

శకుంతలమ్మకు ఫోన్ చేశాడు.

“అమ్మా, ఈ కత్తి...”

“నకిలీదంటివి గదా సాయిబూ,” అంది శకుంతలమ్మ. “అబద్ధమని అప్పుడే తెలుసు నాకు. మా ఆయన పదేండ్లు రాత్రిళ్లు తుడుస్తానే ఉన్నాడు. ఒక్క రాత్రి తుడవకుండా నిద్రబోయినాడు, మళ్లా లేయలేదు.”

ఫోన్ పెట్టేసింది.

షఫీవుల్లా గుడ్డ పిండి మళ్లీ తుడవసాగాడు. అప్పటికే చేయి లాగుతోంది.