చక్రం మీద చుక్కలు

గిన్నె మూత దగ్గర మొదలైంది గొడవ.

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. మూత లేదు. మూత హాల్లో ఉంది. మనవడు దాన్ని నేల మీద గిర్రున తిప్పుతున్నాడు. అది టకటకలాడుతూ పడిపోయినప్పుడల్లా తలెత్తి తల్లి మొహంలోకి చూసి, మళ్ళీ తిప్పుతున్నాడు.

“వాడి చేతికి ఏ బొమ్మో ఇవ్వచ్చుగా. వంటింటి సామానే దొరికిందా?” అంది అత్తగారు.

బొమ్మలిస్తే ముట్టుకోడని, కూర మీద పళ్ళెం పెట్టమని కోడలు. ఆ పళ్ళెం ఈ గిన్నెకి సరిపోదని అత్తగారు. సరిపోనట్టు ఆవిరికి తెలియదులెమ్మని కోడలు. కాసేపు అలా సాగి, చివరికి అత్తగారే వెళ్ళి మూత లాక్కొచ్చింది. వాడు ఏడవలేదు. మాట్లాడనూ లేదు. రెండున్నరేళ్ళొచ్చినా ‘అమ్మ’ తప్ప ఇంకో మాట రాలేదు. వాళ్ళ మేనత్త వాడికి మౌనిబాబా అని పేరు పెట్టింది.

వాడి కవల చెల్లెలి పేరు రేడియో. అంకెలు గడగడా చదువుతుంది. టీవీలో సబ్బు ప్రకటన పొల్లుపోకుండా అప్పజెబుతుంది. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ గీత గీసినట్టు వరసగా పెడుతుంది. ఎవరైనా కదిపితే ఊరుకోదు. ఇంత వయసులో ఎంత పద్ధతో చూడండని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించేది. పిలిస్తే మాత్రం పలకదు. ప్రసారం మధ్యలో రేడియో ఎలా పలుకుతుందని మేనత్త నవ్వేది.

పిల్లల ఆసుపత్రిలో కొత్త మిషను వచ్చిందని, తెర మీద బొమ్మలు చూపిస్తే బిడ్డ చూపు ఎటు పోతోందో అది పట్టుకుంటుందని, దాన్నిబట్టి ఆటిజం ఉందేమో చిన్నప్పుడే కనిపెట్టొచ్చని కోడలు చెప్పింది.

“మాటలు రాకపోతే కళ్ళకి పరీక్షేమిటి? రేపు మోకాలు నొప్పంటే చెవిలో చూస్తారా?” అంది అత్తగారు.

భర్త పేపరు మడిచాడు. తనకీ నాలుగేళ్ళు నిండేదాకా మాటలు రాలేదన్నాడు. ఆ ఆసుపత్రి మెట్లెక్కితే పడే ముద్ర జన్మలో చెరగదన్నాడు. “వద్దన్నానంటే వద్దు,” అన్నాడు.

“మీకు మాటలొచ్చేదాకా మీవాళ్ళు ఆగారు. నేనాగను. ఇప్పుడు మొదలుపెడితే నేర్పగలమంటున్నారు. ఆగి చూసిన రోజులు తర్వాత ఎవరు తెచ్చిస్తారు?”

“వెళ్ళేదానివి ఇద్దర్నీ చంకనేసుకుని వెళ్ళు. నేను మాత్రం ఎవర్నీ చూసుకోను,” అని అత్తగారు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కోడలు ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని వెళ్ళింది.

చీకటి గది. ఎదురుగా తెర. తెరకి ఒకపక్క నవ్వుతున్న మనిషి మొహం, రెండో పక్క తిరుగుతున్న రంగుల చక్రం. మౌనిబాబా కుర్చీ ఎక్కనని మొరాయించాడు.

“ముందు చెల్లిని కూర్చోబెట్టండి. చూసి వాడూ కూర్చుంటాడు,” అంది మిషను నడిపే అమ్మాయి. అలాగే కూర్చున్నాడు.

తర్వాత డాక్టరమ్మ నేల మీద చతికిలబడి పిల్లలతో చాలాసేపు ఆడింది. తల్లిని ఏవేవో అడిగింది. అప్పుడు కంప్యూటరు ఆమె వైపు తిప్పింది. చూపు ఆగిన చోటల్లా ఒక ఎర్ర చుక్క. నవ్వుతున్న మొహం మీద అక్కడొకటి, ఇక్కడొకటి. చక్రం మీద మాత్రం చీమలు పట్టినట్టు చుక్కలే.

“మిషను ఒక్కటే తీర్పు చెప్పదమ్మా. నేను చూసిందీ, మీరు చెప్పిందీ కలిపే చెబుతున్నాను. ఇది ఆటిజమే. మంచి సమయానికి వచ్చారు.”

ఇంకోసారి చూపించమంది తల్లి. ఆ చుక్కల వంక చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని, శిక్షణ ఎప్పట్నుంచని అడిగింది.

రాత్రి భోజనాలకి కూర్చున్నారు. కోడలే మొదలుపెట్టింది.

“రేపట్నుంచి బిడ్డని రోజూ శిక్షణకి తీసుకెళ్తున్నాను. మధ్యాహ్నం దాకానే పనిచేస్తానని ఆఫీసులో చెప్పేశాను.”

“నన్నడగకుండానా?” అన్నాడు భర్త.

“అడగడం లేదు. చెబుతున్నాను.”

“వీధిలో వాళ్ళు ఎక్కడికని అడిగితే?”

“ఆటిజమని చెప్పండి. మీకు నోరు రాకపోతే నన్ను పిలవండి, నేను చెబుతాను. దాచిపెట్టడానికి నా బిడ్డేమీ దొంగసొమ్ము కాదు.”

అత్తగారికి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. పక్కన కూర్చున్న మనవడిని ఒళ్ళోకి లాక్కుంది.

“మూత తిప్పుకున్నాడని ఇంత పని చేస్తావా? నా మౌనిబాబాకి ఏమీ లేదు. వీణ్ణి గడప దాటనివ్వను.”

“వాడికి మాటలు ఆలస్యం, అంతే, వాణ్ణి మీ దగ్గరే ఉంచుకోండత్తయ్యా,” అంది కోడలు, గుమ్మం దగ్గర చెప్పులు వరసగా పెట్టుకుంటున్న కూతురి వంక చూస్తూ, “నేను తీసుకెళ్ళేది రేడియోని.”