ముందు వరుసలో వదిన

"ఆ కుర్చీ ఈడెందుకేస్తివి? ఆడోళ్లంతా ఆ పక్క చాపల మీదే కదా కూచునేది?" అన్నాడు మొయినుద్దీన్.

"అది నీ యక్కకి. షాహిద్ నోరు ఆయమ్మకి ఎదురుగా ఉండాల. ఒక్క అక్షరం కూడా ఆ చెవులు దాటి పోగూడదు," అంది ముబశ్శిరా, కుర్చీని ఇంకో జానెడు ముందుకు జరుపుతూ.

మొయినుద్దీన్ చాపలు సర్దడానికి పోయాడు. అక్కకీ పెళ్లానికీ మధ్య దూరితే అడకత్తెరలో పోకచెక్క అయ్యేది తనేనని అతనికి రెండేళ్లుగా బాగా తెలుసు.

ఆళ్లగడ్డలో వాళ్లింట్లో ఆ రోజు కొడుకు షాహిద్‌కు బిస్మిల్లా పండగ. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు, అయినవాళ్లందరి ముందూ కూర్చోబెట్టి తొలి పాఠం చెప్పిస్తారు. మసీదులో చదువు చెప్పే హజరత్ ఒక్కో ముక్కా అంటాడు, బిడ్డ తిరిగి అంటాడు. ఏ తల్లికైనా కడుపు నిండే రోజే. ముబశ్శిరా కడుపులో మాత్రం పగ కూడా నిండుగా ఉంది.

రెండేళ్ల క్రితం నంద్యాలలో ఆడబిడ్డ ఖాజాబీ ఇంట, ఆమె మనవరాలు సానియాను తొట్టెలో వేస్తుంటే వీళ్లూ పోయారు. అప్పటికి షాహిద్‌కు రెండేళ్లు దాటినా 'అమ్మా' అన్న పిలుపు లేదు. వాడు ముచ్చటపడి తొట్టె దగ్గరికి పోతే, ఖాజాబీ నలభై మంది చూస్తుండగా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "ఈ మూగోన్ని ఈడికి రానీయొద్దండి. పసిబిడ్డ మీద నీడ పడ్తాది!" అంది. ముబశ్శిరా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా బిడ్డను చంకనేసుకుని బస్సెక్కింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గడప తొక్కలేదు గానీ, నంద్యాల పోవడం మానలేదు. ప్రతి గురువారం జాకెట్లు కుట్టే మిషనుకు గుడ్డ కప్పి, మాటలు నేర్పే వినీత మేడం దగ్గరికి కొడుకును తీసుకుపోయేది. ఖాజాబీ వీధి మొగదల మీదుగానే దారి. తల తిప్పకుండా నడిచేది. ఏడో నెలలో ఒకరోజు తిరుగు బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న షాహిద్ వేలు చూపించి "బర్రె" అన్నాడు. ముబశ్శిరా పక్క సీట్లో ఉన్న ముక్కూ మొహం తెలియని అవ్వను వాటేసుకుని బోరుమంది. "మావోడు మాట్లాడినాడు అవ్వా! బర్రె అన్న్యాడు!" కన్నకొడుకు తొలి మాట అమ్మా కాదు, బర్రె. అయితేనేం, ఆ పూట ఆమె అంత గర్వంగా బస్సు దిగిన తల్లి ఆళ్లగడ్డలో ఇంకొకతె లేదు. ఈ నోటితోనే ఖాజాబీ నోరు మూయించాలని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

అందుకే ఎవరిని పిలిచినా పిలవకపోయినా ఖాజాబీని మాత్రం పిలిచి తీరాలని మొగుణ్ణి నంద్యాలకు తరిమింది.

పది గంటల పండగకు ఖాజాబీ తొమ్మిదికే దిగింది. చంకలో రెండేళ్ల సానియా. ఎవరూ చెప్పకుండానే ముందు కుర్చీలో కూర్చుని, కుశలమైనా అడగకుండా, "షాహిద్ మొదటి మాట ఎన్నేండ్లకి అన్న్యాడు?" అంది.

"మూడేండ్లకి."

"అంతకుముందు ఏమీ అనేటోడు కాదా? కూత గూడా లేదా?"

"లేదు. ఏం వదినా, మళ్లా ఏమన్నా నీడ పడ్తాదా?"

ఖాజాబీ ఆ దెప్పిపొడుపుకు ఉలకలేదు. "యాడ చూపిస్తివి? మాటలు నేర్పినాయమ్మ పేరేంది?" అని మళ్లీ అడిగింది.

ఆరాలు! పుండు మీద కారం చల్లడానికే ఇంత పొద్దున్నే వచ్చిందనుకుంది ముబశ్శిరా. "పండగ కానీ, చెప్తాలే," అని, వచ్చిన పసిదాన్నైనా పలకరిద్దామని లడ్డూ పట్టుకుని, "సానియా, ఇట్ల రామ్మా," అంది. అది కన్నెత్తైనా చూడకుండా అవ్వ గాజులతో ఆడుకుంటూనే ఉంది. అవ్వ పొగరంతా దీనికే వచ్చిందని ముబశ్శిరా లడ్డూ తిరిగి పళ్లెంలో పడేసింది.

వంటింట్లో మొయినుద్దీన్ బతిమాలాడు. "ఆ మాట అనిపియ్యొద్దే వానితో. నోరు మంచిదైతే ఊరు మంచిది."

"ఆ సామెత నీ యక్కకి చెప్పకపోతివే, నా బిడ్డ రెక్క పట్టి లాగిన పొద్దు?"

బిస్మిల్లాతో పాటు ఆమె నెల రోజులుగా కొడుక్కి ఇంకో మాట కూడా నేర్పింది. ఆ సంగతి పాఠం చెప్పే హజరత్‌కు తెలియదు.

అబ్దుల్ గఫార్ హజరత్ వచ్చి దిండుకు ఆనుకున్నాడు. పూలదండ బరువుకు మెడ వంచుకుని షాహిద్ ఎదురుగా కూర్చున్నాడు. హజరత్ అన్నాడు. షాహిద్ అన్నాడు. తొట్రుపాటు లేదు, తడబాటు లేదు. చివరి ముక్క హజరత్ అందించక ముందే వాడే అనేశాడు. చాపల మీంచి "మాషా అల్లా!" అన్న కేక ఒక్కసారిగా లేచింది. ముబశ్శిరాకు కళ్లు మసకబారాయి. కళ్లు తుడుచుకుని ముందు కుర్చీ వైపు చూసింది. ఖాజాబీ కూడా ఏడుస్తోంది. షాహిద్ పెదాల మీంచి చూపు తిప్పకుండా ఏడుస్తోంది.

'ఏడువ్. ఓర్వలేక ఏడువ్,' అనుకుని ముబశ్శిరా కొడుక్కి సైగ చేసింది.

షాహిద్ లేచి, మేనత్త ముందుకు పోయి, అమ్మ నేర్పినట్టే నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"అత్తా! ఇప్పుడు చెప్పు, మాటలు రాంది ఎవురికి?"

మొయినుద్దీన్ తల దించుకున్నాడు. ముబశ్శిరా తల ఎత్తుకుని నిలబడింది. రెండేళ్లుగా ఈ ఒక్క క్షణం కోసమే కాచుకుంది. లేచి పోతుందా, తిట్టి పోతుందా? ఏదైనా సరే, కళ్లారా చూడాలి.

ఖాజాబీ లేవలేదు, తిట్టలేదు. ఒళ్లో ఉన్న పిల్లను గుండెకు అదుముకుని, రెండో చేత్తో షాహిద్ చెంప నిమిరింది.

"మా సానియాకు, నాయనా."