అమ్మ ముద్ద

క్యాన్సర్ వార్డులో చేరిన ప్రతి తల్లి ఇంటికీ ఆసుపత్రివాళ్లు ఒక జత మరచేతులు పంపుతున్నారు. అక్కడ మంచం మీద వాసంతి తొడుగులు వేసుకుని వేళ్లు కదిలిస్తే, ఇక్కడ కాకినాడ ఇంట్లో ఈ చేతులు పప్పన్నం కలిపి కూతురికి ముద్దలు పెడతాయి. ఆమె ఆగిపోతే, పిల్ల బెంగపడకుండా మిగతా ముద్దలు అవే పెట్టేస్తాయి.

"ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద" అంటూ ఇందుజ తింటోంది. కంచంలో ఒక్క ముద్ద మిగిలింది. ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని వాసంతి తన నోట్లో వేసుకునేది. వార్డులో చేరాక కంచంలోనే వదిలేసేది. ఈ పూట చేతులు దాన్నీ తీసి పిల్ల నోటి దగ్గర పెట్టాయి.

ఇందుజ మొహం తిప్పేసుకుంది. "అది అమ్మ ముద్ద కదా నాన్నా! అమ్మకి తెల్దా ఏంటి?"

తండ్రి ముకుందం ఆ మరచేతుల వైపు చూశాడు. వాసంతి ఏ ముద్ద దగ్గర ఆగిపోయిందో అతనికి తెలియలేదు. వార్డుకి ఫోన్ చేశాడు.

"మీరొకసారి రండి సార్" అంది నర్సు.

మరచేతులు కంచం తీయబోయాయి. ఇందుజ దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"మూత పెట్టు నాన్నా. వచ్చి తింటాది."